ఓడినంత పనైన గెలుపులు

టెన్నెసీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల దగ్గర 2016 సెప్టెంబర్ 1 అని తేదీ ఎత్తితే చాలు, ముందు నిట్టూరుస్తారు, ఆ తర్వాత నవ్వుతారు. యూనివర్సిటీ ఉన్న ఊరు నాక్స్‌విల్‌లో ఆ రాత్రి గెలిచింది టెన్నెసీయే. అపలాచన్ స్టేట్ అనే యూనివర్సిటీ జట్టు మీద 20-13, ఓవర్‌టైంలో. సీజన్‌లో మొదటి మ్యాచ్, సొంత మైదానం, నిండుగా లక్ష మంది జనం. గెలిచాక కూడా "హమ్మయ్య" అన్నవాళ్లే ఎక్కువ, "ఆహా" అన్నవాళ్లు తక్కువ.

ఆ ఏడు ఆశలు ఏ స్థాయిలో ఉండేవో గుర్తు చేసుకుంటే గానీ ఆ నిట్టూర్పు అర్థం కాదు. 2015లో జట్టు 9 గెలిచి 4 ఓడింది. ఓక్లహోమాతో 7 పాయింట్లు, ఫ్లోరిడాతో 1, ఆర్కాన్సాతో 4, అలబామాతో 5. నాలుగు ఓటములూ కలిపితే 17 పాయింట్ల తేడా! సీజన్ చివర్లో జరిగే బౌల్ మ్యాచుల్లో ఒకటైన అవుట్‌బ్యాక్ బౌల్‌లో నార్త్‌వెస్టర్న్‌ను 45-6తో చితక్కొట్టారు. బంతి విసిరి దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జాష్ డాబ్స్ మళ్లీ వచ్చాడు. ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదువుతూ ఆట ఆడే కుర్రాడు కాబట్టి మనవాళ్ల ఇళ్లలో అమ్మలకు కూడా అతనంటే ఒక ముద్దు. బంతి మోసుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ జేలెన్ హర్డ్, అతని వెనక ఆల్విన్ కమారా, డిఫెన్స్‌లో డెరిక్ బార్నెట్, కామ్ సటన్, జేలెన్ రీవ్స్-మేబిన్. అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకుల్లో 9వ స్థానం. ఎస్‌ఈసీ (ఆగ్నేయ రాష్ట్రాల యూనివర్సిటీల లీగ్) తూర్పు విభాగం టెన్నెసీదేనని జులైలోనే విలేఖరులు రాసేశారు. కోచ్ బుచ్ జోన్స్‌కు అది నాలుగో ఏడు. ఇక సాకులు చెల్లవు.

గురువారం రాత్రి ఆట. అక్కడ సాయంత్రం ఏడున్నర అంటే మన దగ్గర శుక్రవారం తెల్లవారుజామున అయిదు. నాక్స్‌విల్‌లో చదువుకుని హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చేసినవాళ్లకు ఇది అనుకూలమైన సమయమే: అలారం పెట్టుకుని లేచి, ఆట చూసి, అలాగే ఆఫీసుకు పోవచ్చు. మామూలుగా అయితే శనివారం రాత్రి ఆటలు ఇక్కడి ఆదివారం పొద్దుటి నిద్రను తినేస్తాయి.

కాలేజీ ఫుట్‌బాల్ మొదటి మ్యాచ్ సంగతి కొత్తవాళ్ల కోసం కాస్త చెప్పాలి. పెద్ద యూనివర్సిటీలు సీజన్ మొదట్లో ఒక చిన్న జట్టును డబ్బిచ్చి పిలిపించుకుంటాయి. తిరిగి వాళ్ల ఊరికి వెళ్లి ఆడక్కర్లేదు. చిన్న యూనివర్సిటీకి ఆ చెక్కుతో మిగతా ఆటల ఖర్చు కొంత గడుస్తుంది, పెద్దదానికి ఒక గెలుపు, స్టేడియం టికెట్ల ఆదాయం దక్కుతాయి. పైగా సీజన్‌కు 12 మ్యాచులే. దేశ విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు అప్పట్లో వెళ్లేవి నాలుగు జట్లే. ఒక్కటి ఓడినా సీజన్ సగం పోయినట్టు. అందుకే ఈ ఒప్పందంలో ఎవరికీ చెప్పకుండా ఉండే షరతు ఒకటుంది, వచ్చినవాళ్లు ఓడి వెళ్లాలి.

అపలాచన్ స్టేట్ ఈ షరతును ఒకసారి చించేసింది కూడా. 2007లో, అదీ సెప్టెంబర్ 1నే, మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌కు వెళ్లి దేశంలో 5వ ర్యాంకులో ఉన్న మిషిగన్‌ను 34-32తో ఓడించింది. చివర్లో గోల్‌పోస్టుల మధ్యకు తన్నబోయిన మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌ను అడ్డుకుని మరీ. సరిగ్గా తొమ్మిదేళ్లకు అదే తేదీన టెన్నెసీ సొంత మైదానం నీలండ్ స్టేడియంలో దిగారు. తేదీ చూసి టెన్నెసీ ముసలాళ్లు కొందరు ముందే గొణిగారు. కుర్రాళ్లు నవ్వారు.

మొదటి దెబ్బ పంట్ దగ్గర తగిలింది. పంట్ అంటే ముందుకు పోలేని జట్టు బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు అప్పగించడం. ప్రత్యర్థి తన్నిన బంతిని సటన్ పట్టబోయి జారవిడిచాడు. అపలాచన్ వాళ్లు దాని మీద పడ్డారు, గోల్ దగ్గర్లోనే బంతి దొరికేసరికి టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటిస్తే ఆరు పాయింట్లు, ఆ పైన కిక్‌తో ఇంకొకటి) కొట్టేశారు. సటన్ ఆ జట్టులో అందరికంటే నమ్మకమైన చేతులున్నవాడు, తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏళ్ల తరబడి ఆడాడు. అలాంటివాడికి ఎందుకు జారింది అంటే, పంట్ పట్టడం బయటినుంచి కనిపించేంత తేలిక కాదు. బంతి ముక్కు కిందికి తిరిగి వస్తే అది అనుకున్నదానికంటే దూరం పోతుంది. ముక్కు పైకే ఉండి వస్తే ఆఖర్లో పక్కకు కొట్టుకుపోయి ముందే దిగుతుంది. ఎడమకాలితో తన్నేవాడైతే బంతి సుడి మొత్తం తిరగబడుతుంది. పట్టేవాడు మోచేతులు పక్కటెముకలకు ఆనించి, బంతిని పొట్ట దగ్గరికి దించుకోవాలి, చేతులు చాచి అందుకోకూడదు. ఒక కన్ను ఆకాశంలో బంతి మీద, ఇంకో కన్ను మీదికి ఉరికొస్తున్న పదిమంది మీద. బంతి తాకి వదిలేస్తే తన్నిన జట్టు దాన్ని దొరకబుచ్చుకోవచ్చు. దాంతో ముందుకు పరిగెత్తే హక్కు లేదు గానీ బంతి మాత్రం వాళ్లదైపోతుంది. అసలు ఏమీ తాకకుండా వదిలేస్తే పోయేది పది, పదిహేను యార్డులు. తాకి జారిస్తే పోయేది ఏడు పాయింట్లు.

ఆగస్టు శిక్షణలో దీన్ని ఎంత సాధన చేసినా మొదటి మ్యాచ్‌లోనే ఎందుకు తప్పుతుందంటే, కాలేజీ జట్లకు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోలా ప్రాక్టీసు మ్యాచులు లేవు. వసంతంలో తమలో తామే రెండు జట్లుగా విడిపోయి ఆడుకునే ఒక ఆట, ఆ తర్వాత నేరుగా సెప్టెంబరే. గాయాల భయంతో శిక్షణలో సొంతవాళ్లను పూర్తి వేగంతో పడగొట్టరు. క్వార్టర్‌బ్యాక్‌ను అయితే తాకనే తాకరు, అందుకే వేరే రంగు చొక్కా వేస్తారు. కాబట్టి నిజంగా గుద్దుకునే శత్రువు మొదటిసారి కనిపించేది ఆ రాత్రే. మొదటి వానకే ఇల్లెక్కడ కారుతుందో తెలిసినట్టు, ఓపెనర్‌లో, అంటే సీజన్ మొదటి మ్యాచ్‌లో, కారే చోట్లన్నీ ఒక్కసారే కారతాయి: పంట్లు, టాకిళ్లు (బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం), స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి ఇచ్చే బంతి) అందుకోవడం, మూడో క్వార్టర్‌లో పిక్కలు పట్టేయడం.

రెండో దెబ్బ రీవ్స్-మేబిన్. టార్గెటింగ్ కింద అతన్ని మొదటి సగంలోనే బయటికి పంపేశారు. హెల్మెట్ నడినెత్తితో గుద్దినా, తనను తాను కాపాడుకోలేని స్థితిలో ఉన్నవాడి తలను, మెడను లక్ష్యంగా చేసుకుని కొట్టినా 15 యార్డుల శిక్షతో పాటు ఆటగాడు ఆ మ్యాచ్‌కు ఇంక లేనట్టే. అప్పటి నిబంధన ప్రకారం అదే రెండో సగంలో జరిగితే తర్వాతి మ్యాచ్ మొదటి సగం కూడా పోయేది. ఆ ఏడు డిఫెన్స్‌కు నోరూ చెవీ అతనే. ఎవరు ఎక్కడ నిలబడాలో అరిచి చెప్పే లైన్‌బ్యాకర్ లేకపోతే మిగతా పదిమంది ఒక్క క్షణం ఆలస్యంగా కదులుతారు. అపలాచన్‌లాంటి పరుగు జట్టుకు ఆ క్షణం చాలు.

హాఫ్ టైంకు 13-3. అపలాచన్ ముందుంది.

ఇక్కడ ఒక చిన్న అంకె మీద ఆగాలి. 13, 14 కాదు. రెండో టచ్‌డౌన్ తర్వాత తన్నాల్సిన ఎక్స్‌ట్రా పాయింట్‌ను వాళ్ల కిక్కర్ తప్పాడు. కాలేజీలో ఆ కిక్‌కు బంతిని 3 యార్డుల గీత మీద పెడతారు. వెనక్కి స్నాప్ చేసే దూరం, గోల్‌పోస్టు ఉన్న ఎండ్ జోన్ లోతు కలుపుకుంటే మొత్తం తన్నేది 20 యార్డులు. ఎన్‌ఎఫ్‌ఎల్ 2015లో దాన్ని వెనక్కి జరిపింది గానీ కాలేజీలో ఇప్పటికీ అంతే. అది తప్పడమంటే మామూలు విషయం కాదు. రెండో సగంలో ఒక ఫీల్డ్ గోల్ కూడా తప్పారు. ఆ రెంటిలో ఏ ఒక్కటి పడ్డా ఈ రోజు మనం ఈ మ్యాచ్‌ను గెలుపుల చిట్టాలో రాసుకునేవాళ్లం కాదని అప్పట్లో అందరూ అన్నారు. అలా లెక్కకట్టడం కొంచెం మోసం. వాళ్లకు 14 ఉండి ఉంటే టెన్నెసీ కూడా నాలుగో డౌన్ల దగ్గర (పది యార్డులు సాగడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది) వేరేగా ఆడేది. అయినా ఆ ఒక్క పాయింట్ ఆ రాత్రి జనాన్ని వెంటాడింది మాత్రం నిజం.

టెన్నెసీ దాడి ఎందుకు మొరాయించిందో ఆ రాత్రి స్టాండుల్లో తిట్టినవాళ్లకు సగమే తెలుసు. దాడి విభాగం కోచ్ మైక్ డిబోర్డ్ నడిపే పద్ధతి షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ లైన్‌కు కాస్త వెనక నిలబడి) జోన్ రీడ్. లైన్‌మెన్ అయిదుగురూ ఒకే దిక్కుకు పక్కడుగు వేస్తారు. అవతలి చివర ఒక డిఫెండర్‌ను కావాలనే వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్టలో పెట్టి ఉంచి, ఆ వదిలేసినవాడు లోపలికి ముడుచుకుంటే తను లాక్కుని పరిగెడతాడు, నిలబడిపోతే ఇచ్చేస్తాడు. ముగ్గురిని ముందు పెట్టి నలుగురు లైన్‌బ్యాకర్లతో ఆడే జట్టుకు దీన్ని చెడగొట్టడానికి ఒక మంచి మార్గముంది. స్నాప్ పడగానే ముగ్గురూ ఒక పక్కకు వాలి దూసుకుపోతారు, లైన్‌బ్యాకర్లలో ఒకడు ఊహించని సందులోంచి వస్తాడు. పక్కడుగు వేస్తున్న లైన్‌మన్ ముందునుంచి డిఫెండర్ దాటిపోతాడు, లైన్‌మన్ గాలిని తోస్తాడు. హర్డ్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, నిటారుగా పరిగెత్తే అలవాటు. సందు తెరుచుకోకుండా ముందే గుద్దులు పడితే అంత ఎత్తు మనిషికి ఊతం దొరకదు. ఆ రాత్రి 28 సార్లు బంతి మోసి 110 యార్డులు తెచ్చాడు. అంకె బాగానే ఉంటుంది, కానీ సగటు నాలుగు కూడా కాదు, అదీ చిన్న జట్టు మీద. కమారాకు ఇంకాస్త బంతి ఇవ్వొచ్చు కదా అన్న గోల ఆ రాత్రి మొదలై ఏడాదంతా సాగింది. కమారా తర్వాత న్యూ ఆర్లీన్స్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో ఏం చేశాడో చూశాక ఆ గోల చేసినవాళ్లు ఇప్పటికీ కాలరెగరేస్తారు. వాళ్ల మాట నిజమే.

మూడో క్వార్టర్ ఇంకా మందకొడిగా గడిచి, ఇంకో ఫీల్డ్ గోల్‌తో 13-6 అయ్యాక, నాలుగో దానిలో పదిన్నర నిమిషాలు మిగిలుండగా డాబ్స్ జాష్ మలోన్‌కు విసిరిన బంతి 67 యార్డుల టచ్‌డౌన్ అయింది. 13-13. ముందుకు గుచ్చి ఆడే డిఫెన్స్ వెనకాల ఎప్పుడూ ఒక ఖాళీ ఉంటుంది, దాన్ని వెతకడానికి మూడు క్వార్టర్లకు పైనే పట్టింది. ఆట ఆఖర్లో అపలాచన్‌కూ గెలిచే అవకాశం వచ్చింది, గడియారాన్ని సరిగ్గా వాడుకోలేక పోగొట్టుకున్నారు. ఓవర్‌టైం.

కాలేజీ ఓవర్‌టైం విచిత్రమైనది. గడియారం ఉండదు. ఒక్కో జట్టుకు ప్రత్యర్థి 25 యార్డుల గీత నుంచి ఒక్కో అవకాశం. టాస్ గెలిచినవాడు దాదాపు ఎప్పుడూ రెండోసారి ఆడతానంటాడు, తనకెంత కావాలో తెలుస్తుంది కాబట్టి. టెన్నెసీ ముందు ఆడింది. గోల్ దాకా వచ్చింది. డాబ్స్ తనే పరిగెత్తి ఎండ్ జోన్‌లోకి దూకబోయాడు. గాలిలో ఉండగానే గుద్దారు, బంతి చేతిలోంచి ఎగిరిపోయింది, గీత దాటి ఎండ్ జోన్‌లో దొర్లింది. ఎవరికో చిక్కాల్సిన బంతి హర్డ్‌కు చిక్కింది. టచ్‌డౌన్.

ఆ ఒక్క క్షణంలో ఎన్ని వేలాడుతున్నాయో చూడండి. అదే బంతి అపలాచన్ వాడికి దొరికితే టచ్‌బ్యాక్, టెన్నెసీకి సున్నా. ఆ తర్వాత వాళ్లకు ఒక ఫీల్డ్ గోల్ చాలు, మిషిగన్ కథ రెండో భాగం. ఇంకో మడత కూడా ఉంది, చాలామందికి తట్టదు. అది నాలుగో డౌన్ అయ్యుంటే హర్డ్ పట్టుకున్నా లెక్కలోకి రాదు. నాలుగో డౌన్‌లో జారిన బంతిని జారవిడిచినవాడే తీసుకుంటే తప్ప, సొంత జట్టులో వేరేవాడు పట్టుకుంటే ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది, బంతిని జారిన చోటికి తెస్తారు. బంతిని కావాలని ముందుకు జార్చి లాభం పొందకుండా పెట్టిన నిబంధన అది. అదృష్టం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఆట చూపిస్తే సరిపోతుంది. తర్వాత అపలాచన్ తన వంతులో గోల్ చేరలేకపోయింది. 20-13.

ఇక జనం మాటలు. పార్కింగ్ లాటుల్లో, నదిలో పడవలు కట్టుకుని పార్టీలు చేసుకునే వాల్ నేవీలో, మర్నాడు ఆఫీసుల్లో, అంతటా మూడు గుంపులు. మొదటి గుంపు, గెలుపు గెలుపే అన్నవాళ్లు: గెలుపోటముల పట్టికలో 1-0 అనే ఉంటుంది తప్ప ఎలా గెలిచారో ఉండదు కదా. రెండో గుంపు, జట్టు డొల్ల అని తేలిపోయిందన్నవాళ్లు: అలబామా ముందు వీళ్లు ఏమైపోతారో అని వారాల ముందే ఏడుపు. మూడో గుంపు తెలివైనది, లేదా తెలివైనదాన్నని అనుకునేది. తర్వాతి వారం బ్రిస్టల్‌లో కారు రేసుల ట్రాక్ మధ్యలో వర్జీనియా టెక్‌తో ఆట ఉంది కాబట్టి కోచ్‌లు అసలు ఎత్తులన్నీ దాచారు, ఒట్టి సాదా ఆట ఆడించారు అని వాళ్ల వాదం. ఎత్తులు దాచడం నిజంగానే జరుగుతుంది. కానీ దాచిన ఎత్తులు హాఫ్ టైంకు పది పాయింట్లు వెనకబడినప్పుడు బయటికొస్తాయి, రాకపోతే దాచినవేమీ లేవనే.

ఓటు వేసే విలేఖరులు మొదటి గుంపులో లేరు. గెలిచిన జట్టును 9 నుంచి 17కు దించారు.

ఈ మూడు గుంపులకూ అతీతంగా ఒక వయసు దాటినవాళ్లు మాత్రం ఒకటే మాట అన్నారు: 1998, సిరక్యూస్. ఆ రెండు ముక్కలకూ నాక్స్‌విల్‌లో ఒక మంత్రం విలువ ఉంది. స్టార్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ వెళ్లిపోయాక మొదటి సీజన్ అది. సెప్టెంబర్ 5, సిరక్యూస్ వాళ్ల క్యారియర్ డోమ్‌లో, పైకప్పు కింద చెవులు చిల్లులు పడే హోరు. అవతల డానవన్ మెక్‌నాబ్ 28 విసిరి 22 అందించాడు, 300 యార్డులు. ఇవతల కొత్త క్వార్టర్‌బ్యాక్ టీ మార్టిన్ 26 విసిరితే అందినవి 9. ఆ అంకెలు చూసినవాడు ఎవడైనా టెన్నెసీ ఓడిందనే అనుకుంటాడు. జమాల్ లూయిస్ పరుగులతో ఆటలో నిలిచారు. ఆఖర్లో 33-31తో వెనకబడి ఉండగా, నాలుగో డౌన్, ఏడు యార్డులు కావాలి. విసిరిన బంతి అందలేదు. కానీ డిఫెండర్ అడ్డుకున్నాడని రిఫరీ జెండా పడింది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటే కాలేజీలో గరిష్ఠంగా 15 యార్డులు, దాంతోపాటు కొత్త ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. గడియారం ఆఖరి క్షణంలో జెఫ్ హాల్ 27 యార్డుల ఫీల్డ్ గోల్ తన్నాడు. 34-33.

సిరక్యూస్ వాళ్లు ఆ జెండాను ఇప్పటికీ క్షమించలేదు. వీడియోలో మళ్లీ చూడటం అప్పటికి కాలేజీ ఆటలో లేనే లేదు. ఉన్నా ఆ రకం నిర్ణయాన్ని వీడియోలో మార్చడానికి వీల్లేదు.

అప్పటి అభిమానుల మాటలూ ఇప్పటివే. మానింగ్ ఉండి ఉంటే ఇంతదాకా వచ్చేదా? ఈ పిల్లాడితో ఫ్లోరిడాను ఎలా కొడతారు? డిఫెన్స్ 33 పాయింట్లు ఇచ్చుకుందే! రేడియోలో ఆట వర్ణించే జాన్ వార్డ్‌కు అది ఆఖరి ఫుట్‌బాల్ సీజన్. టీవీ శబ్దం ఆపేసి ఆయన గొంతు పెట్టుకుని చూసేవాళ్లు ఊరంతా. సిరక్యూస్ తర్వాత ఆ జట్టు ఫ్లోరిడాను సొంతగడ్డపై ఓవర్‌టైంలో 20-17తో కొట్టింది, ఫ్లోరిడా కిక్కర్ 32 యార్డుల కిక్ తప్పాడు, జనం మైదానంలోకి దిగి గోల్‌పోస్టులు పెరికేశారు. అంతకుముందు వరసగా అయిదేళ్లు ఫ్లోరిడా చేతిలో ఓడారు మరి. అక్టోబర్‌లో జమాల్ లూయిస్ మోకాలు పోయింది. ట్రావిస్ హెన్రీ, ట్రావిస్ స్టీఫెన్స్ ఆ బరువు మోశారు. నవంబర్‌లో ఆర్కాన్సా క్వార్టర్‌బ్యాక్ ఆట గెలిచినంత పనై కాలు తడబడి బంతిని నేల మీద వదిలేస్తే బిల్లీ రాట్లిఫ్ దాని మీద పడ్డాడు, 28-24. చివరికి 1999 జనవరి 4న ఫియెస్టా బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్‌ను 23-16తో ఓడించి 13-0తో దేశ విజేతలయ్యారు. సిరక్యూస్‌లో ఆ జెండా పడకపోయి ఉంటే ఇందులో ఎంత మిగిలేదో.

అందుకే 2016లో పెద్దవాళ్లు ఆ మంత్రం జపించారు. జపించడం తప్పు కాదు గానీ పోలిక పూర్తిగా కుదరదు. సిరక్యూస్ ర్యాంకున్న జట్టు, వాళ్ల ఇంట్లో ఆట, ఎదురుగా మెక్‌నాబ్. మార్టిన్ 26లో 9 మాత్రమే అందించినా లైన్ బలంగా ఉంది, పరుగు పారింది. విసరడం నెలలో మెరుగుపడుతుంది. లైన్ ఒక నెలలో మెరుగుపడదు. మొదటి మ్యాచ్ చూసి జట్టును అంచనా వేయాలంటే నా లెక్కలో చూడాల్సింది ఇదే: చెడింది సాధనతో సరయ్యేదా, లేక మనుషుల్లోనే ఉన్న లోటా. జారిన పంట్, తప్పిన స్నాప్, పది మందితో మైదానంలోకి దిగడం మొదటి రకం, రెండో వారానికే సగం పోతాయి. మూడో డౌన్‌కు రెండు యార్డులు కావాల్సినప్పుడు చిన్న జట్టు మీద కూడా రాకపోతే అది రెండో రకం. ఇంకొకటి, జారిన బంతుల లెక్క. బంతి జారడం అలవాటు, అది ఎవరికి దొరుకుతుందన్నది దాదాపు నాణెం ఎగరేయడమే. మన బంతి మనకే దొరికి గెలిచినప్పుడు జారడాన్ని మర్చిపోతాం.

అపలాచన్‌ను చిన్న జట్టని పిలవడం కూడా అన్యాయమే. ఆ ఏడు వాళ్లు 10-3తో ముగించారు, కెమీలియా బౌల్ గెలిచారు. స్కాట్ సాటర్‌ఫీల్డ్ శిక్షణలో ఆ జట్టు అప్పటికే ఎదిగిపోయింది. టికెట్ కొన్నవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదంతే.

మరి ఆ సీజన్? మూడు గుంపులూ కొంత కొంత గెలిచాయి. బ్రిస్టల్‌లో 1,56,990 మంది ముందు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అంత జనం ముందెన్నడూ రాలేదు, మొదట్లోనే 14-0తో వెనకబడి 45-24తో గెలిచారు. ఫ్లోరిడా మీద 21-0 వెనకనుంచి వరసగా 38 పాయింట్లు కొట్టి 38-28తో పదకొండేళ్ల శాపం వదిలించుకున్నారు. జార్జియాలో గడియారం సున్నా మీద డాబ్స్ విసిరిన బంతిని జవాన్ జెన్నింగ్స్ గుంపులోంచి అందుకున్నాడు, 34-31. ఆ రెండు వారాలు నాక్స్‌విల్‌లో నడిచినవాళ్లకు కాళ్లు నేల మీద లేవు. గమనిస్తే ప్రతిసారీ ముందు వెనకబడటమే. అపలాచన్ రాత్రి చూసిన ఆ ఆలస్యపు నిద్రలేవడం ఎక్కడికీ పోలేదు. బంతులు జారడమూ పోలేదు: టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఏడుసార్లు బంతి పోగొట్టుకుని రెండు ఓవర్‌టైంల దాకా లాగి 45-38తో ఓడారు. ఈసారి బంతి హర్డ్ చేతిలోకి దొర్లలేదు. తర్వాత అలబామా 49-10. సౌత్ కరొలైనాలో 24-21 ఓటమి, ఆ వెంటనే హర్డ్ జట్టు వదిలి వెళ్లిపోయాడు. వాండర్‌బిల్ట్ 45-34. గాయాల పట్టిక చాంతాడంత, అది ఒప్పుకోవాలి. మొత్తం 9-4, సరిగ్గా ముందటేడు లాగే.

2017 ఓపెనర్‌ను కూడా ఇదే అరలో పెట్టాలి. సెప్టెంబర్ 4, సోమవారం రాత్రి, అట్లాంటాలో కొత్తగా తెరిచిన మెర్సిడెస్-బెంజ్ స్టేడియం, జార్జియా టెక్. 42-41, రెండు ఓవర్‌టైంలు. నాలుగో క్వార్టర్‌లో 28-14 వెనకనుంచి వచ్చారు, అసలు సమయం ముగిసేటప్పుడు టెక్ ఫీల్డ్ గోల్‌ను అడ్డుకున్నారు, ఆఖర్లో టెక్ ఒక పాయింట్‌తో సమం చేయకుండా రెండు పాయింట్లకు తెగించి పోతే ఆపేశారు. చదవడానికి వీరగాథలాగే ఉంది. కానీ టెక్ పరుగులతో తెచ్చిన యార్డులు 535. క్వార్టర్‌బ్యాక్ టక్వాన్ మార్షల్ ఒక్కడే 249, అయిదు టచ్‌డౌన్లు.

దానికి సాకు సిద్ధంగా ఉంది, ట్రిపుల్ ఆప్షన్. ప్రతి ఆటలో బంతి మూడు దారుల్లో పోవచ్చు: మధ్యలోంచి ఫుల్‌బ్యాక్, అంచున క్వార్టర్‌బ్యాక్, ఇంకా బయట పిచ్ (పక్కకు విసిరే బంతి) అందుకునే బ్యాక్. ఒక డిఫెండర్ ఫుల్‌బ్యాక్‌కు, ఒకడు క్వార్టర్‌బ్యాక్‌కు, ఒకడు పిచ్‌కు కట్టుబడి ఉండాలి. బంతి ఎవరి దగ్గరుందో వెతికితే పోయినట్టే, తన మనిషినే కొట్టాలి. మోకాళ్ల కింద పడి అడ్డుకునే కట్ బ్లాకులు దీనికి తోడు. దేశంలో చాలా కొద్ది జట్లే ఇలా ఆడతాయి కాబట్టి ఇంకెప్పుడూ ఇది ఎదురవదులే అన్నారు జనం. సబబే అనిపించింది. అయితే అడుగు అడుగుకూ ఒక్కడు టాకిల్ తప్పడానికీ, ఆప్షన్‌కూ సంబంధం లేదు. పట్టుకున్నవాణ్ని పడేయలేకపోతే ఏ పద్ధతి ముందైనా అంతే. ఆ ఏడే బంతి లాక్కున్నప్పుడల్లా సైడ్‌లైన్‌లో ఒక చెత్తబుట్టలో వేసి సంబరం చేసుకునే ఆచారం మొదలెట్టారు. అట్లాంటాలో ముచ్చటగానే అనిపించింది. అక్టోబర్‌కు మిగతా దేశమంతా ఆ బుట్ట మీద జోకులు వేసింది. ఫ్లోరిడాలో ఆఖరి క్షణంలో 63 యార్డుల టచ్‌డౌన్ తిన్నారు, సొంత మైదానంలో జార్జియా 41-0తో ఉతికింది, నవంబర్ 12న బుచ్ జోన్స్‌ను తీసేశారు. 4-8. అన్నేళ్ల చరిత్రలో ఆ జట్టు ఎనిమిది ఓడటం అదే మొదటిసారి. ఎస్‌ఈసీలో ఒక్కటీ గెలవలేదు.

ఆ తర్వాత నాక్స్‌విల్‌లో బొటాబొటి గెలుపుల మీద సణుగుడు కొన్నాళ్లు వినిపించలేదు. 2019 ఆగస్టు 31న డబ్బిచ్చి పిలిపించుకున్న జార్జియా స్టేట్, ముందటేడు 2-10తో ముగించిన జట్టు, నీలండ్ స్టేడియంలోనే 38-30తో ఓడించి చెక్కు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి జనంలో ఎవరిని కదిపినా అపలాచన్ మ్యాచ్‌నే తలుచుకున్నారు, బంగారం లాంటి గెలుపని. ఆ 2019 జట్టేమో చివరి ఆరు మ్యాచులూ వరసగా గెలిచి, వాటిలో ఆఖరిదైన గేటర్ బౌల్‌ను ఒక్క పాయింట్ తేడాతో పట్టుకుని 8-5తో సీజన్ ముగించింది.